టీయూ-142 ను ఎలా చూడాలి: గోదావరి జిల్లాల నుంచి విశాఖ వెళ్ళేవారికి

విశాఖ బీచ్ రోడ్డులో నిలబెట్టిన టీయూ-142 విమానాన్ని మన గోదావరి జిల్లాల వాళ్ళలో చాలామంది చూసే ఉంటారు. పెళ్ళికో, పరీక్ష రాయడానికో, ఆసుపత్రి పనికో వెళ్ళినప్పుడు సాయంత్రం అక్కడ దిగుతాం. ముక్కు దగ్గర నిలబడి ఫోటో తీసుకుంటాం, లోపల ఒక చుట్టు చుట్టి బయటపడతాం, ముంత మసాలా తిని ఆటో ఎక్కేస్తాం. "ఇది యుద్ధంలో ఏం చేసేది?" అని పిల్లలు అడిగితే "బాంబులు వేసేదమ్మా" అని చెప్పి ఊరుకుంటాం.

ఆ జవాబు సరిపోదు. ఈ విమానం తన జీవితంలో ఎక్కువ భాగం చేసిన పని వెతకడం. గంటల తరబడి సముద్రం మీద తిరుగుతూ, నీటి కింద దాక్కున్న సబ్‌మెరైన్ జాడ తీయడం. దాని ఒంటి మీద ఉన్న ప్రతి భాగమూ ఆ పనికోసమే పెట్టింది. అందుకే మ్యూజియంలోకి వెళ్ళేటప్పుడు ఒక్క ప్రశ్న పట్టుకుని వెళ్ళండి: ఇది దేన్ని వెతకడానికి, ఎలా వెతకడానికి తయారైంది? ఈ ప్రశ్న చేతిలో ఉంటే పదేళ్ళ పిల్లవాడు కూడా ఆ విమానాన్ని చదవగలడు. ఎలాగో వరసగా చెబుతాను.

బయల్దేరే ముందు, ఇంట్లోనే

ముందుగా మీ ఇంట్లోనో, వీధిలోనో ఉన్న పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి. "తాతయ్యా, కాకినాడ మీద బాంబులు పడ్డాయంట కదా, మీవాళ్ళెవరైనా చెప్పేవారా?" అని పిల్లల చేత అడిగించండి. ఇప్పుడున్న పెద్దల్లో చాలామందికి అది సొంత జ్ఞాపకం కాదు, అమ్మానాన్నల నోట విన్న సంగతి. అయినా అడగాలి. ఈ కథ మన తీరానిది.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే వైస్ అడ్మిరల్ ఒజావా నడిపిన నౌకల బృందం బంగాళాఖాతంలో 20కి పైగా సరుకు ఓడల్ని ముంచింది. అంతకు ముందు, 1941 డిసెంబర్‌లో రంగూన్ మీద బాంబులు పడ్డాయి. కూలికి, వ్యాపారానికి మన తీర జిల్లాల నుంచి బర్మా వెళ్ళినవాళ్ళు దొరికిన ఓడ ఎక్కి, దొరకనివాళ్ళు అడవుల్లో నడిచి తిరిగొచ్చారు. "బర్మా నుంచి నడిచొచ్చాడు" అని ఒక ముత్తాత గురించి చెప్పుకునే ఇళ్ళు ఈ తీరంలో ఇప్పటికీ ఉన్నాయి. మీది అలాంటి ఇల్లయితే పిల్లలకి ఆ మాట చెప్పాకే విశాఖ తీసుకెళ్ళండి.

ఆ ఏప్రిల్ నెలలోనే జరిగిన ఇంకో సంఘటన కూడా చెప్పండి. ఈ మ్యూజియం అర్థం కావడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి కథ లేదు. 1942 ఏప్రిల్ 4న లెనార్డ్ బిర్చల్ అనే కెనడా పైలట్ కాటలీనా రకం గస్తీ విమానంలో సిలోన్‌కి (ఇప్పటి శ్రీలంకకి) దక్షిణాన సముద్రం మీద తిరుగుతున్నాడు. అడ్మిరల్ నగుమో నడిపిస్తున్న పెద్ద జపాన్ నౌకాదళం ఆయన కంట పడింది. రేడియోలో కబురు పంపుతుండగానే ఆయన విమానాన్ని కూల్చేశారు, ఆయన్ని బందీగా పట్టుకుపోయారు. అయినా కబురు అందింది. మర్నాడు కొలంబో మీద జరిగిన దాడి అక్కడివాళ్ళకి పూర్తిగా ఊహించనిది కాలేదు. ఒక్క బాంబు కూడా వేయకుండా, చూసి చెప్పడం ద్వారానే ఆ విమానం యుద్ధంలో అంత పెద్ద పని చేసింది. టీయూ-142 ఆ జాతిదే.

తర్వాత బంగాళాఖాతం మ్యాపు ఒకటి నేల మీద పరవండి. కాకినాడ, విశాఖ, కొలంబో, రంగూన్, పోర్ట్‌బ్లెయిర్ల మీద పిల్లల చేత వేలు పెట్టించండి. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి సుమారు 1,200 కిలోమీటర్లు, మధ్యలో అంతా నీళ్ళే. ఇంత ఖాళీని ఎవరు కాపలా కాస్తారు, ఏంతో కాస్తారు అన్న ప్రశ్న వాళ్ళ నోటి నుంచే వస్తుంది. రాకపోతే మీరే అడగండి.

కాకినాడలో ఒక పూట

ఇదే రకం విమానం ఒకటి మన కాకినాడ బీచ్‌కి కూడా వచ్చింది. నేవీ పక్కన పెట్టిన వాటిలో ఒకదాన్ని విడదీసి తెచ్చి, ఇక్కడ మళ్ళీ బిగించి నిలబెట్టారు. కోనసీమ వాళ్ళకి ఎదుర్లంక వారధి దాటి యానాం మీదుగా వెళ్తే సగం రోజు పని. లోపలికి ఎప్పుడు పంపిస్తారో, టికెట్ ఎంతో అక్కడ కనుక్కోండి. నేను మాత్రం కాకినాడ విమానాన్ని బయటి కొలతల పాఠంగా వాడుకోమంటాను.

పిల్లల్ని ముక్కు నుంచి తోక దాకా, విమానం పక్కనే, అడుగులు లెక్కపెడుతూ నడవమనండి. పొడవు సుమారు 53 మీటర్లు. పెద్దవాళ్ళ మామూలు అడుగుకి 70 పైచిలుకు వస్తాయి. ఒక రెక్క కొస నుంచి ఇంకో రెక్క కొసకి 50 మీటర్లు. పూర్తి బరువుతో పైకి లేచేటప్పుడు 185 టన్నులు. ఈ అంకెలు బోర్డు మీద చదివితే సాయంత్రానికి మర్చిపోతారు. కాళ్ళతో కొలిస్తే మర్చిపోరు.

తర్వాత పక్కకి తిరిగి సముద్రం వైపు చూడమనండి. 1942లో బాంబులు వేసిన విమానాలు వచ్చింది ఆ దిక్కు నుంచే. అక్కడ దూరంగా లంగరేసి ఉన్న ఓడలు కనిపిస్తాయి. కాకినాడలో పాత రోజుల్లో పెద్ద ఓడలు ఒడ్డుకి రాలేక అలా దూరాన ఆగితే, పడవల్లో సరుకు చేరవేసేవారు. కదలకుండా నిలబడ్డ ఓడ పైనుంచి వచ్చేవాడికి ఎంత సులువైన గురి అవుతుందో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

ప్రయాణం, రోజు, వేళ

సోమవారం వెళ్ళకండి, బీచ్ రోడ్డు మ్యూజియాలకి ఆ రోజు సెలవు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా తెరుస్తారు. ఆదివారాల్లో, సెలవు రోజుల్లో పొద్దున కూడా చూడొచ్చు. సమయాలు, టికెట్ ధరలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు రోజు ఒకసారి చూసుకోండి. ఎదురుగా ఉన్న కుర్సురా సబ్‌మెరైన్, టీయూ-142, సీ హారియర్ అనే చిన్న యుద్ధవిమానం అన్నీ కలిపి ఒకే టికెట్ ఇస్తున్నారేమో కూడా కౌంటర్లో అడగండి.

రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ పొద్దున తాడేపల్లిగూడెం, రాజమండ్రి, సామర్లకోటల్లో ఆగుతుంది. ఎక్కితే మధ్యాహ్నానికి విశాఖలో ఉంటారు. భీమవరం, పాలకొల్లు వైపు వాళ్ళు నిడదవోలులోనో రాజమండ్రిలోనో రైలు మారొచ్చు. అమలాపురం, రాజోలు వాళ్ళకి రావులపాలెం వచ్చి హైవే మీద బస్సు పట్టుకోవడం తేలిక. తిరిగి రావడానికి అందరికీ గుర్తొచ్చేది సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్. కానీ మామూలు రోజున మధ్యాహ్నం మ్యూజియం తెరిచాక చూడటం మొదలుపెట్టి ఆ బండి అందుకోవాలంటే అంతా టెన్షనే, ఒక్కటీ నిదానంగా చూడలేరు. రాత్రి బండికి టికెట్ తీసుకోండి, లేదా శనివారం వెళ్ళి ఆ రాత్రి ఉండి ఆదివారం పొద్దున ఖాళీగా చూడండి. రెండోదే మంచిది.

బట్టల సంగతి కూడా ముఖ్యమే. సబ్‌మెరైన్‌లో గుండ్రటి తలుపుల గుండా వంగి, కాలు పైకెత్తి దూరాలి. చీర కంటే చుడీదార్ నయం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు, ఇరుకు చోట్లలో ఊపిరాడనట్టు అనిపించేవాళ్ళు సబ్‌మెరైన్ వదిలేసి నేరుగా విమానం దగ్గరికి వెళ్ళిపోవచ్చు. భుజానికి పెద్ద బ్యాగులు వద్దు. నోటు పుస్తకం, పెన్సిల్ తప్పనిసరి.

ముందు సబ్‌మెరైన్, తర్వాతే విమానం

ఇక్కడ చాలామంది వరస తప్పుతారు. విమానం పెద్దగా కనిపిస్తుంది కాబట్టి ముందు అందులోకి దూరతారు. మీరు అలా చేయకండి. రోడ్డుకి ఒక పక్క ఇసుకలో కుర్సురా సబ్‌మెరైన్ ఉంది, ఎదురుగా ఇంకో పక్క టీయూ-142 ఉంది. ఒకటి దాక్కునేది, ఇంకొకటి వెతికేది. దాక్కునేవాడి కష్టం తెలిస్తేనే వెతికేవాడి తెలివి తెలుస్తుంది.

కుర్సురా సోవియట్ యూనియన్‌లో తయారైంది. 1969 డిసెంబర్ 18న మన నేవీలో చేరింది, 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో కాపలా తిరిగింది, 2001 ఫిబ్రవరి 27న విరమించింది. 2002 ఆగస్టు నుంచి మ్యూజియంగా ఉంది. పొడవు 91 మీటర్లు. లోపల 70 మందికి పైగా మనుషులు వారాల తరబడి బతికేవారు. పడకలు, వంటగది, టార్పెడో గొట్టాలు, పెరిస్కోప్ అన్నీ చూడండి, కానీ మీ ప్రశ్నకి సంబంధించిన చోటు ఇంజిన్ల గది. అక్కడ కాసేపు ఆగండి.

ఇది డీజిల్, బ్యాటరీలు రెండిటితో నడిచే రకం. నీటి అడుగున డీజిల్ ఇంజిన్ నడవదు, దానికి గాలి కావాలి. కాబట్టి కింద ఉన్నంతసేపూ బ్యాటరీల మీద నడవాలి. బ్యాటరీలు అయిపోవస్తే పైపైకి వచ్చి, స్నార్కెల్ అనే గొట్టాన్ని నీటి పైకి పెట్టి, గాలి పీల్చుకుంటూ డీజిల్ ఇంజిన్లు నడిపి ఛార్జ్ చేసుకోవాలి. ఆ సమయంలో రెండు ప్రమాదాలు. గొట్టం నీటి పైన కనిపిస్తుంది. ఇంజిన్ల మోత నీటిలో చాలా దూరం వినిపిస్తుంది. విమానం కాచుకుని కూర్చునేది ఈ ఘడియ కోసమే.

కుర్సురాలో గైడ్లుగా ఉండేది నేవీలో పనిచేసి రిటైరైన వాళ్ళు. మామూలుగా వాళ్ళు గుంపుని ముందుకి నడిపిస్తూ గబగబా చెప్పేస్తారు, వెనక జనం తోసుకొస్తుంటారు కాబట్టి వాళ్ళ తప్పేమీ లేదు. గుంపు పల్చబడ్డాక నెమ్మదిగా అడగండి: "సార్, ఎన్ని రోజులకోసారి పైకొచ్చి ఛార్జ్ చేసుకునేవారండీ?" "పైన విమానం తిరుగుతోందని మీకెలా తెలిసేదండీ?" సొంత అనుభవం అడిగితే వాళ్ళ ముఖం మారిపోతుంది. బోర్డుల మీద లేని సంగతులు అప్పుడు వింటారు. పిల్లల చేత అడిగిస్తే ఇంకా మంచిది.

బయటికి వచ్చాక ఇసుకలో కూర్చుని 1971 కథ చెప్పండి. ఆ యుద్ధంలో మన విమానవాహక నౌక విక్రాంత్‌ని ముంచాలని ఘాజీ అనే పాకిస్తాన్ సబ్‌మెరైన్ విశాఖ దాకా వచ్చింది. విక్రాంత్ ఇక్కడే ఉందని శత్రువు నమ్మేలా నేవీ రేడియోలో నాటకం ఆడింది. నిజానికి ఆ ఓడ అండమాన్ దగ్గర ఉంది. డిసెంబర్ 3 రాత్రి తెల్లవారితే 4 అనగా ఘాజీ విశాఖ బయట మునిగిపోయింది. ఆ తర్వాత విక్రాంత్ మీది సీ హాక్, అలిజే విమానాలు తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) రేవుల మీద దాడులు చేశాయి. కానీ పడమటి సముద్రంలో మనకి పెద్ద దెబ్బ తగిలింది. డిసెంబర్ 9న హంగోర్ అనే సబ్‌మెరైన్ మన కుక్రీ నౌకని ముంచేసింది. దాన్ని వెతకడానికి వెళ్ళిన గస్తీలో ఒక అలిజే విమానాన్ని శత్రు యుద్ధవిమానం కూల్చింది. ఈ రెండు కథల్లోనూ అసలు సమస్య ఒకటే: నీటి కింద ఉన్నది కనబడదు.

అప్పటికి సముద్రం మీద దూరం వెళ్ళి వెతికే పెద్ద విమానాలు నేవీకి సొంతంగా లేవు. ఆ పని ఎయిర్‌ఫోర్స్ వాళ్ళ సూపర్ కాన్‌స్టెలేషన్లు చేసేవి. 1976లో అవి నేవీ చేతికి వచ్చాయి, వాటితోనే 312 స్క్వాడ్రన్ అనే విమానాల దళం మొదలైంది. ఆ స్క్వాడ్రన్‌కే 1988లో టీయూ-142లు వచ్చాయి, మొత్తం ఎనిమిది. అంటే మీరు ఇప్పుడు చూడబోయే విమానం 1971 యుద్ధంలో పాల్గొన్నది కాదు. ఆ యుద్ధం నేర్పిన పాఠం తర్వాత వచ్చినది. కొంతమంది గైడ్ల వీడియోల్లో ఈ రెండూ కలిపేస్తుంటారు, పిల్లలకి స్పష్టంగా విడదీసి చెప్పండి.

ఇప్పుడు రోడ్డు దాటండి

బీచ్ రోడ్డులో బండ్లు వేగంగా వస్తాయి, పిల్లల చెయ్యి పట్టుకోండి. మ్యూజియంలో ముందు హాలు ఉంటుంది, తర్వాత విమానం. హాలుని దాటేసి పరిగెత్తకండి. విమానం ఎలా వెతికేదో చెప్పే సామాను అంతా ఆ హాల్లోనే ఉంది.

మొదట సోనోబాయ్‌లు చూడండి. గొట్టాల్లా ఉంటాయి, పెద్దగా ఆకట్టుకోవు, జనం వాటిని చూడకుండానే వెళ్ళిపోతారు. నాకైతే ఆ మ్యూజియం మొత్తంలో అవే అన్నిటికంటే ముఖ్యమైన వస్తువులు. విమానం వీటిని పైనుంచి జారవిడుస్తుంది, చిన్న పారాచూట్‌తో నీటిలో పడతాయి. గాలం వేసినప్పుడు బెండు నీటి మీద తేలుతూ ముల్లు కింద ఉంటుంది కదా, ఇదీ అంతే: ఒక భాగం పైన తేలుతుంది, దాని నుంచి తీగతో ఒక మైకు లోతుకి దిగుతుంది. కింద వినిపించిన చప్పుడుని పైనున్న ఏంటెనా రేడియోలో విమానానికి పంపుతుంది. కొన్ని ఊరికే వింటాయి. కొన్ని తామే ఒక శబ్దం పంపి, అది దేనికైనా తగిలి తిరిగొస్తుందేమో చూస్తాయి. వరసగా కొన్నిటిని వేస్తే ఏది గట్టిగా వింటోంది, ఏది నెమ్మదిగా వింటోంది అన్న తేడాని బట్టి సబ్‌మెరైన్ ఎటు ఉందో లెక్క కడతారు. విమానంలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న మనిషి ఓడ మోతకీ, చేపల గుంపు చప్పుడుకీ, సబ్‌మెరైన్ మోతకీ తేడా పట్టాలి. ఇది ఒక్కరోజులో వచ్చే విద్య కాదు.

ఇప్పుడు బయటికి వచ్చి విమానం తోక వైపు చూడండి. నిలువు తోక కొసన వెనక్కి పొడుచుకొచ్చిన కర్రలాంటి భాగం ఉంటుంది. అది అయస్కాంత క్షేత్రంలో తేడా పట్టే పరికరం. భూమికి సహజంగా ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని వేల టన్నుల ఉక్కు కొద్దిగా చెదరగొడుతుంది. సబ్‌మెరైన్ సరిగ్గా కింద ఉంటే ఆ చెదురు ఇక్కడ పడుతుంది. విమానం సొంత లోహం, సొంత కరెంటు అడ్డురాకూడదు కాబట్టి దాన్ని వీలైనంత దూరంగా తోక చివర పెట్టారు. అది పట్టేది కొన్ని వందల మీటర్ల లోపే. అందుకే దాన్ని వాడాలంటే ఇంత పెద్ద విమానమూ నీటికి దగ్గరగా దిగి ఎగరాలి. పిల్లలకి ఈ పజిల్ ఇవ్వండి: "ఆ కర్ర ముక్కు దగ్గర ఎందుకు పెట్టలేదు?" జవాబు మీరు చెప్పకండి, వాళ్ళనే తేల్చుకోనివ్వండి.

పొట్ట కింద ఉబ్బెత్తుగా ఉన్నది రాడార్. స్నార్కెల్ గొట్టం నీటి పైకి వస్తే దొరికేది దానికే. అంటే మూడు ఆయుధాల్లా మూడు ఇంద్రియాలు: నీటి పైన చూడటానికి రాడార్, నీటి కింద వినడానికి సోనోబాయ్, చివరగా రూఢి చేసుకోవడానికి తోక కొస. ఆ తర్వాతే పొట్టలో ఉన్న టార్పెడోలు, డెప్త్‌చార్జిలు అనే నీటి కింద పేలే ఆయుధాల పని. నోటు పుస్తకంలో విమానం బొమ్మ గీయించి ఈ మూడు చోట్లా పేర్లు రాయించండి. కళ చక్కగా రాకపోయినా పర్వాలేదు, పేర్లు సరైన చోట ఉంటే చాలు.

ప్రొపెల్లర్ల దగ్గర ఎక్కువసేపు నిలబడండి. నాలుగు ఇంజిన్లు, ఒక్కో దానికి సుమారు 15,000 అశ్వశక్తి. ఒక్కో ఇంజిన్‌కి రెండు ప్రొపెల్లర్లు, ఒకదాని వెనక ఒకటి, ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. ఒక్కోదానికి నాలుగు బ్లేడ్లు. మొత్తం ఎన్ని బ్లేడ్లో పిల్లల్ని లెక్కపెట్టమనండి, 32 వస్తాయి. ముందు ప్రొపెల్లర్ గాలిని మెలితిప్పి వెనక్కి తోస్తుంది. ఆ మెలికలో వృథాపోయే శక్తిని వెనక ప్రొపెల్లర్ మళ్ళీ తోపుగా మారుస్తుంది. ఒక పక్కకి తిప్పే బలాన్ని రెండోది సర్దేస్తుంది. బ్లేడ్ల కొసలు శబ్దం కంటే వేగంగా తిరుగుతాయి, అందుకే ఇది భయంకరమైన మోత చేసే విమానం. జెట్ ఇంజిన్లు వచ్చాక కూడా ప్రొపెల్లర్లే ఎందుకు పెట్టారని ఎవరైనా అడుగుతారు. తక్కువ ఇంధనంతో ఎక్కువ దూరం, ఎక్కువసేపు ఉండటానికి. ఒకసారి నింపుకుంటే 10,000 కిలోమీటర్లకి పైగా వెళ్ళగలదు. వెతికే పనికి కావలసింది ఓపిక.

చిట్టచివర, తోక కింద, రెండు 23 మిల్లీమీటర్ల గన్లు వెనక్కి చూస్తుంటాయి. వెంటపడే యుద్ధవిమానం నుంచి కాపాడుకోవడానికి వెనక గన్నర్‌ని కూర్చోబెట్టడం రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబర్ల పద్ధతి. క్షిపణుల కాలంలో దానితో పెద్ద ప్రయోజనం లేదు, అయినా ఈ వంశంలో అది మిగిలిపోయింది. వంశం అన్నాను కాబట్టి ఆ సంగతీ చెప్పాలి, ఇది మన తూర్పు తీరానికి దగ్గరిది. 1944లో అమెరికా వాళ్ళ బి-29 బాంబర్లు ఖరగ్‌పూర్, ఆ చుట్టుపక్కల ఎయిర్‌ఫీల్డుల్లో మకాం వేశాయి. అక్కడి నుంచి చైనా వెళ్ళి, అక్కడ ఆగి, జపాన్ ఆక్రమించిన ప్రాంతాల మీద, జపాన్ మీద దాడులకి వెళ్ళేవి. దెబ్బతిన్నవో, ఇంధనం చాలనివో మూడు ఆ ఏడాది సోవియట్ భూమి మీద, వ్లాదివొస్తోక్ దగ్గర దిగాయి. సోవియట్ వాళ్ళు వాటిని తిరిగివ్వలేదు. విప్పి చూసి, అచ్చం అలాంటిదే టీయూ-4 పేరుతో తయారుచేశారు. ఆ అనుభవంతో టీయూ-95 బాంబర్ వచ్చింది, అది 1952లో మొదట ఎగిరింది. దాన్ని సముద్ర గస్తీకి మార్చినదే టీయూ-142, 1968లో మొదట ఎగిరింది. విమానం ఒంటి గొట్టం వెడల్పు బి-29 నుంచి అలాగే వచ్చింది, సుమారు 2.9 మీటర్లు. ఇంత పొడవు విమానం లోపల ఇంత ఇరుకేమిటని లోపలికెళ్ళాక అనిపిస్తుంది. కారణం అదే. హౌరా వెళ్ళే రైల్లో ఎప్పుడైనా ఖరగ్‌పూర్ దాటితే పిల్లలకి గుర్తు చేయండి.

లోపల కాక్‌పిట్ దగ్గర అందరూ ఫోటోలకి ఆగుతారు. మీరూ ఆగండి. కానీ కిటికీ లేని చోట, పరికరాల ముందు ఉన్న సీట్లని కూడా చూడండి. సబ్‌మెరైన్‌ని నిజంగా కనిపెట్టింది ఆ సీట్లలో కూర్చున్నవాళ్ళే. గోడకి ఆనుకుని, కళ్ళు స్క్రీన్ మీద, చెవులు హెడ్‌ఫోన్‌లో పెట్టి గంటల తరబడి కూర్చునేవారు. మన పిల్లలు పైలట్ అవుతానంటే సంతోషమే. ఆ సీటు కూడా ఒక ఉద్యోగమేనని, దానికి భౌతికశాస్త్రం బాగా రావాలని అక్కడే చెప్పండి.

ఈ విమానాల సర్వీసు గురించి నాలుగు మాటలు. మొదట గోవాలో ఉండేవి, 1992లో తమిళనాడులో అరక్కోణం దగ్గరి రాజాలి స్థావరానికి మారాయి. 1988 నవంబర్‌లో మాల్దీవుల్లో తిరుగుబాటు జరిగినప్పుడు, కార్గిల్ యుద్ధం రోజుల్లో, 2001-02లో సరిహద్దు మీద సైన్యాలు ఎదురెదురుగా నిలిచినప్పుడు సముద్ర గస్తీ తిరిగాయి. 2017 మార్చి 29న రాజాలిలో వీడ్కోలు ఇచ్చారు. దాదాపు 29 ఏళ్ళలో ఒక్క ప్రమాదం కూడా లేదు. ఇందులో ఒకటి ఆ ఏప్రిల్‌లో విశాఖకి ఎగిరొచ్చింది. నేవీ విమానాశ్రయంలో దిగాక దాన్ని ముక్కలుగా విప్పి బీచ్ రోడ్డుకి తెచ్చి మళ్ళీ బిగించారు. 2017 డిసెంబర్‌లో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ మ్యూజియాన్ని ప్రారంభించారు. దాని పని ఇప్పుడు పీ-8ఐ అనే జెట్ విమానాలు చేస్తున్నాయి.

సీ హారియర్, విక్టరీ ఎట్ సీ

కాళ్ళలో ఓపిక ఉంటే బీచ్ రోడ్డులోనే సీ హారియర్ చూడండి. టీయూ-142 కి అన్ని విధాలా వ్యతిరేకం: చిన్నది, వేగమైనది, ఒక్క మనిషి నడిపేది. పక్కల ఉన్న నాలుగు గొట్టాల మూతులు కిందికి తిప్పితే నిట్టనిలువుగా దిగుతుంది. ఆ మూతులు ఎక్కడున్నాయో వెతికించండి, మిగతాది పిల్లలకి అదే అర్థమవుతుంది. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బ్రిటిష్ నేవీ ఈ రకాన్ని వాడింది. మన నేవీకి 1983లో వచ్చింది, 2016 దాకా ఉంది. 1971లో విక్రాంత్ నుంచి సీ హాక్‌లు ఎగరేసిన 300 స్క్వాడ్రన్ వాళ్ళే తర్వాత వీటిని ఎగరేశారు.

విక్టరీ ఎట్ సీ స్మారకం 1971 యుద్ధానిది. అక్కడ ఐదు నిమిషాలు చాలు, కానీ పిల్లలు దాని మీద ఎక్కి ఆడకుండా చూడండి.

బడి పిల్లల్ని తీసుకెళ్ళే మాస్టార్లకి

మొత్తం క్లాసుని ఒకేసారి సబ్‌మెరైన్‌లోకి తోలకండి. సగం మందిని బయట బొమ్మ గీయించండి, మిగతా సగాన్ని లోపలికి పంపండి. డిసెంబర్ 4 నేవీ డే. ఆ వారం విశాఖలో సందడి బాగుంటుంది, కానీ ఆ జనంలో మ్యూజియం నేర్చుకునేలా చూడలేరు. అక్టోబర్, నవంబర్‌లలో తుపాను హెచ్చరికలు చూసుకుని బస్సు మాట్లాడండి. మే నెల వద్దు. డిసెంబర్ రెండో వారం నుంచి ఫిబ్రవరి దాకా అన్నిటికీ అనువు.

ఇంకా చూడాలనిపిస్తే

1971లో నిజంగా యుద్ధం చేసిన సీ హాక్, అలిజే, గస్తీకి వాడిన సూపర్ కాన్‌స్టెలేషన్ మూడూ గోవాలో డాబోలిం విమానాశ్రయం దగ్గరి నేవీ మ్యూజియంలో ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధం నాటి స్పిట్‌ఫైర్, హరికేన్, లిబరేటర్ బాంబర్ చూడాలంటే ఢిల్లీ పాలంలోని ఎయిర్‌ఫోర్స్ మ్యూజియానికి వెళ్ళాలి. మన వాళ్ళకి నేను ముందు గోవానే చెబుతాను. హౌరా వైపు నుంచి వచ్చే అమరావతి ఎక్స్‌ప్రెస్ రాజమండ్రి, విజయవాడ, గుంటూరు మీదుగా వాస్కో దాకా వెళ్తుంది, ఎక్కడా మారక్కర్లేదు. వాస్కోలో దిగితే మ్యూజియం ఆటో దూరం. బండి రోజూ ఉండదు, ఏ రోజుల్లో ఉందో చూసుకుని పండగ సెలవులకి చాలా ముందే రిజర్వేషన్ చేయించుకోండి.